నెలకు రెండు వేలు కట్టే ముందు ఆ చాట్ ఒకసారి చూడండి

టంగుటూరు దగ్గర పొగాకు సాగు చేసే ఒక తండ్రి అడిగారు: "మా అమ్మాయి ఒంగోలులో బీటెక్ సీఎస్‌ఈ రెండో ఏడాది. చాట్‌జీపీటీ ప్లస్‌కి నెలకు 1,999 కట్టమంటోంది. ఫ్రీది చాలదంట, క్లాసులో చాలామంది తీసుకున్నారంట. కట్టకపోతే పిల్ల వెనకబడుతుందేమోనని టెన్షన్‌గా ఉంది."

అయ్యా, వెనకబడదు. ఈ నెల కట్టకండి. ఏడాదికి దాదాపు 24 వేలు అవుతుంది. పొగాకు వేలం డబ్బు నెలనెలా చేతికి రాదు కదా.

ఫ్రీ ప్లాన్‌లోనూ డౌట్ అడగొచ్చు, కోడ్‌లో తప్పెక్కడుందో చూపించమనొచ్చు, తెలుగులో విడమరిచి చెప్పమనొచ్చు. కాకపోతే కొంత వాడాక లిమిట్ అయిపోయిందంటుంది, కొన్ని గంటలు ఆగాలి. డబ్బు కడితే ఆ లిమిట్ పెరుగుతుంది, పెద్ద మోడళ్ళు, ఎక్కువ ఫైళ్ళు వాడుకోవచ్చు. అయితే లిమిట్ ఏ పనికి అయిపోతోందన్నదే అసలు ప్రశ్న.

ఇదే మాటతో ఒక అబ్బాయి నా దగ్గరికి వచ్చాడు. ముందురోజు రాత్రి చాట్ చూపించమన్నాను. ల్యాబ్ ప్రశ్న ఉన్నదున్నట్టు పెట్టి 'కోడ్ ఇవ్వు' అన్నాడు. ఎర్రర్ వస్తే అది మొత్తం అతికించి 'ఫిక్స్ చెయ్'. మళ్ళీ ఎర్రర్, మళ్ళీ 'ఫిక్స్ చెయ్'. అలా లిమిట్ అయిపోయింది. లింక్డ్ లిస్ట్‌లో, అంటే ఒక్కో నోడ్ తర్వాతి నోడ్‌ని చూపించే గొలుసులో, చివరి నోడ్ దేన్ని చూపిస్తుందని అడిగితే తల దించుకున్నాడు. నల్, అంటే 'ఇక ఏమీ లేదు' అని తెలిసుంటే ఆ తప్పు తనే పట్టుకునేవాడు. నా భయమంతా అక్కడే. క్యాంపస్ ఇంటర్వ్యూలో బోర్డు మీద రాయమన్నప్పుడు ఏ ప్లానూ పక్కన ఉండదు.

అమ్మాయికి ఒక నోట్‌బుక్ ఇవ్వండి. ముందు ప్రోగ్రామ్ తనే రాసి, 'కోడ్ ఇవ్వకు, తప్పెక్కడుందో సూచన ఇవ్వు' అని అడగమనండి. లిమిట్ తగిలిన ప్రతిసారీ అప్పుడు ఏం చేస్తోందో ఒక లైను రాయమనండి. అలా నెల గడిచాక కూడా ప్రాజెక్టు పని మధ్యలో ఆగిపోతుంటే కొనడంలో తప్పు లేదు. అప్పుడు కూడా నేరుగా 1,999కి వెళ్ళకండి. 2025 ఆగస్టులో మన దేశంలో నెలకు 399 రూపాయలకు చాట్‌జీపీటీ గో అనే ప్లాన్ తెచ్చారు, రెండో ఏడాది చదువుకి అది సరిపోతుంది. జియో కూడా 2025 అక్టోబరు చివర్లో తన అన్‌లిమిటెడ్ 5జీ కస్టమర్లకు చాట్‌జీపీటీ లాంటిదే అయిన గూగుల్ జెమినై ప్రో 18 నెలలు ఉచితమని ప్రకటించింది. మీ ఇంట్లో ఎవరికైనా అది వచ్చిందేమో ముందు చూసుకోండి.

ఐఐటీల ఆన్‌లైన్ పాఠాల వెబ్‌సైట్ ఎన్‌పీటీఈఎల్‌లో ఐఐటీ ప్రొఫెసర్ల డేటా స్ట్రక్చర్స్ పాఠాలు ఉచితం. సర్టిఫికెట్ పరీక్షకు వెయ్యి రూపాయలు. నన్నడిగితే ముందు ఆ వెయ్యి కట్టండి.

ఇంకొక్క మాట. ఉచిత ఆఫర్ తీసుకునేటప్పుడు కూడా యూపీఐ ఆటోపే పెట్టమని అడగొచ్చు. పెడితే, ఉచిత గడువు అయిపోగానే మీ ఖాతాలోంచి దానంతటదే డబ్బు కట్ అవుతుంది. తీసుకుంటే నెలవారీగానే తీసుకోండి, ఆ రోజే ఫోన్‌పేలోనో గూగుల్‌పేలోనో ఆటోపే పేజీ తెరిచి ఏ తేదీకి ఎంత పోతుందో అమ్మాయితో కలిసి చూడండి. సెలవుల్లో దాన్ని ఆపేయమనండి.