స్నేహితులున్నవారు నిజంగానే ఎక్కువ సంతోషంగా ఉంటారా?

సాధారణంగా ఉంటారు. కానీ ఎంతమంది స్నేహితులున్నారన్నదాని కంటే, వారిలో ఎవరిమీద భరోసా పెట్టుకోగలమన్నదే ముఖ్యం. అమెరికాలో హార్వర్డ్ విశ్వవిద్యాలయం 1938లో 268 మంది విద్యార్థులతో మొదలుపెట్టిన అధ్యయనం ఇందుకు మంచి ఆధారం. బోస్టన్ పేదవాడల్లో పెరిగిన 456 మంది కుర్రాళ్లపై విడిగా మొదలైన మరో పరిశీలన తరువాత దీనిలో కలిసింది. ప్రశ్నపత్రాలు, వైద్య నివేదికలు, రక్తపరీక్షలు, ఇళ్లకు వెళ్లి జరిపిన ముఖాముఖిల సాయంతో పరిశోధకులు వీరిని దశాబ్దాల పాటు గమనించారు.

యాభై ఏళ్ల వయసులో తమ అనుబంధాలతో తృప్తిగా ఉన్నవారే ఎనభైలో ఎక్కువ ఆరోగ్యంగా కనిపించారు. ఈ విషయాన్ని ముందుగా సూచించడంలో కొలెస్ట్రాల్ లెక్కలు కూడా అంతగా పనికిరాలేదు. నాకు మరింత ఆసక్తికరంగా తోచినది ఇంకొకటి: నిత్యం కీచులాడుకునే వృద్ధ దంపతులైనా, కష్టం వస్తే ఎదుటివారు తప్పక నిలబడతారన్న నమ్మకం ఉన్నచోట, ఆ తగవులు వారి జ్ఞాపకశక్తిని దెబ్బతీసినట్లు కనిపించలేదు. అంటే మాటామాటా రాకపోవడమే మంచి బంధానికి గుర్తు కాదు. పెళ్లిలో ఎదురైన పాత మిత్రుణ్ని “బాగున్నావా?” అని అడిగి, జవాబు వినకుండానే భోజనాల బంతి వైపు నడిచే మన మర్యాదలో తగవు లేదు, భరోసా కూడా లేదు.

అయితే తొలి సభ్యులందరూ శ్వేతజాతి పురుషులే కావడం ఈ అధ్యయనానికి పెద్ద పరిమితి. పైగా ఆరోగ్యవంతులకే స్నేహాలు నిలుపుకోవడం తేలిక కనుక, ఏది కారణమో ఏది ఫలితమో పూర్తిగా విడదీయడం కష్టం.