టెక్ సందేహాలు: దసరా వెళ్లింది, పనుల పద్దు సర్దుకుందాం

సెప్టెంబరు 30తో ఆర్థిక సంవత్సరంలో సగం గడిచిపోయింది. ఆయుధపూజకి కొట్లో తక్కెడ నుంచి కంప్యూటర్ దాకా అన్నీ తుడిచి బొట్టు పెట్టాం. ఆ కంప్యూటర్ లోపలి పనుల జాబితా మాత్రం ఏప్రిల్లో ఎలా ఉందో ఇప్పటికీ అలాగే ఉంది. ఈసారి ఉత్తరాలన్నీ దాని గురించే. కొత్త యాప్ ఏది వేసుకోమంటారని చాలామంది అడిగారు. ఫోన్‌లో ఇప్పటికే ఉన్నవే చాలావరకు సరిపోతాయి.

ప్రశ్న (బరంపురం నుంచి ఒక గుమస్తా): మా షావుకారుకి బరంపురంలో ఒకటి, ఇచ్ఛాపురంలో ఒకటి బట్టల కొట్లు ఉన్నాయి. రెండింటి జీఎస్టీ నేనే చూస్తాను. మూడు నెలలకోసారి రిటర్న్ వేసే పద్ధతి మాది. గూగుల్ క్యాలెండర్‌లో పెట్టుకున్నాను కానీ ఒక్కోసారి మోగదు. మోగినా ఆ గడబిడలో పని మరుగున పడిపోతోంది.

మీ చిక్కులో సగం సరిహద్దు తెచ్చిపెట్టినదే: బరంపురం ఒడిశాలో, ఇచ్ఛాపురం ఆంధ్రలో ఉన్నాయి. మూడు నెలల పద్ధతిలో పన్ను లెక్క తేల్చే జీఎస్టీఆర్-3బి గడువు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, మహారాష్ట్రలకు 22వ తేదీ, ఒడిశాకు 24వ తేదీ. కాబట్టి ఒకే రిమైండర్‌తో రెండు కొట్లనూ నడపలేరు. అమ్మకాల వివరాలిచ్చే జీఎస్టీఆర్-1 మాత్రం రెండు చోట్లా 13వ తేదీయే.

క్యాలెండర్‌లో ‘21 బరంపురం 3బి’, ‘37 ఇచ్ఛాపురం 3బి’ అని రెండు ఈవెంట్లు పెట్టండి. జీఎస్టీ నంబరు ఒడిశాలో 21తో, ఆంధ్రలో 37తో మొదలవుతుంది కనుక పేరు చూడగానే ఏ కొట్టుదో తెలుస్తుంది. రెండింటికీ వేర్వేరు రంగులివ్వండి. ‘ఆల్ డే’ పెట్టి, రిపీట్‌లో ‘కస్టమ్’ ఎంచుకుని 3 నెలలకోసారి అనండి. అక్టోబరులో మొదలుపెడితే జనవరి, ఏప్రిల్, జులైల్లో అదే వస్తుంది. నోటిఫికేషన్లు మూడు చాలు: 5 రోజుల ముందు, 2 రోజుల ముందు, ఆ రోజు ఉదయం.

చాలామంది పొరబడేది 25వ తేదీ చలానా దగ్గర. పన్ను కట్టే పీఎంటీ-06 త్రైమాసికంలో మొదటి రెండు నెలలకే ఉంటుంది. అంటే అక్టోబరుది నవంబరు 25కి, నవంబరుది డిసెంబరు 25కి. ‘ప్రతి నెలా’ అని పెట్టేస్తే జనవరి 25న కూడా ఊరికే మోగుతుంది. ఉత్తుత్తి మోతలు నాలుగైతే అసలు మోతను కూడా చూడకుండానే పక్కకు తోసేస్తాం. నవంబరు 25కి ఒకటి, డిసెంబరు 25కి ఒకటి పెట్టి, రెండింటినీ 3 నెలలకోసారి తిప్పండి. ఇంకో సంగతి: 31వ తేదీకి నెలనెలా పెట్టిన ఈవెంట్ 30 రోజుల నెలల్లో అసలు రాదు. నెలాఖరు పనులకు 1వ తేదీ పెట్టి, ముందురోజు మోగేలా చూసుకోండి.

ఇక మరుగున పడటం. ఈవెంట్ తేదీ దాటితే గతంలోకి జారిపోతుంది, పని అయిందా లేదా అని దానికి పట్టదు. అదే క్యాలెండర్‌లో ఉండే ‘టాస్క్’ అలా కాదు, టిక్ కొట్టేదాకా పెండింగ్‌లో కనిపిస్తూనే ఉంటుంది. గడువును ఈవెంట్‌గా, చేయాల్సిన పనిని (‘ఇచ్ఛాపురం కొనుగోలు బిల్లులు పోల్చాలి’) 17వ తేదీకి టాస్క్‌గా పెట్టండి. ఆలస్యమైతే అమ్మకాలున్న రిటర్న్‌కి రోజుకు 50 రూపాయలు, పన్ను మీద ఏడాదికి 18 శాతం వడ్డీ. చివరి రోజుకి వదలకండి.

మోగకపోవడానికి కారణం చాలాసార్లు బ్యాటరీ పొదుపు. సెట్టింగ్స్, యాప్స్, క్యాలెండర్, బ్యాటరీ దగ్గర ‘అన్‌రిస్ట్రిక్టెడ్’ చేయండి. కొన్ని కంపెనీల ఫోన్లలో ‘ఆటోస్టార్ట్’ అని వేరే మీట ఉంటుంది, అదీ ఆన్‌లో ఉండాలి. ఆండ్రాయిడ్ 13, ఆపై వాటిలో నోటిఫికేషన్ అనుమతి ఇచ్చారో లేదో చూసుకోండి. పదినిమిషాల తర్వాతికి ఒక ఉత్తుత్తి ఈవెంట్ పెట్టి, స్క్రీన్ ఆపేసి పరీక్షించండి.

ప్రశ్న (రాయగడ నుంచి ఒక సరుకుల సరఫరాదారు): ఏడాదికి 12 లక్షల అమ్మకం అనుకున్నాను. సెప్టెంబరు చివరికి 4 లక్షల 20 వేలే అయింది. గూగుల్ షీట్‌లో లెక్క రాస్తున్నాను కానీ మొత్తం తక్కువ చూపిస్తోంది, తేదీలు కలగాపులగం అవుతున్నాయి. లక్ష్యం తగ్గించుకోవాలా?

ముందు షీట్ బాగుచేద్దాం. గడిలో తేదీ కుడివైపు అంటుకుని ఉంటే షీట్ దాన్ని తేదీగా గుర్తించినట్టు, ఎడమవైపు ఉంటే వట్టి అక్షరాలుగా చూస్తున్నట్టు. మీ షీట్ అమెరికా పద్ధతిలో ఉండి ఉంటుంది. అందులో 10/05 అని రాస్తే మే 10 కాదు, అక్టోబరు 5. 13/10 అని రాస్తే పదమూడో నెల లేదు కనుక అక్షరాలుగా మిగిలిపోతుంది. ఫైల్, సెట్టింగ్స్, లొకేల్‌లో ‘ఇండియా’ ఎంచుకోండి. ఇప్పటికే తప్పుగా పడినవి దీనితో సరికావు, వాటిని మళ్లీ కొట్టాల్సిందే. మొత్తం తగ్గడానికి కారణం కూడా ఇలాంటిదే. ‘5000 రూ’ అని రాసిన గడిని ‘సమ్’ ఫార్ములా చప్పుడు చేయకుండా వదిలేస్తుంది. గడిలో అంకె మాత్రమే రాసి, రూపాయి గుర్తును ఫార్మాట్ మెనూ నుంచి తెచ్చుకోండి.

లక్ష్యానికి మూడు గడులు చాలు: బి1లో 12 లక్షలు, బి2లో ఇప్పటిదాకా అమ్మినది, బి3లో మిగిలిన నెలలు. బి4లో ఈక్వల్ గుర్తు పెట్టి, బ్రాకెట్లో బి1 నుంచి బి2 తీసేసి, బి3తో భాగించండి (గడుల పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాలి). 7 లక్షల 80 వేలను 6తో భాగిస్తే నెలకు 1 లక్షా 30 వేలు. మీరు చేస్తున్నది నెలకు 70 వేలు.

దాదాపు రెట్టింపు. వట్టి పట్టుదలతో వచ్చే తేడా కాదిది. ఒక్కో ఆర్డరు సగటున 3,500 అనుకుంటే ఇప్పుడు నెలకు 20 ఆర్డర్లు వస్తున్నాయి, కావలసినవి 38. అదనంగా 18 ఆర్డర్లు తెచ్చేన్ని కొట్లు మీ రూటులో ఉన్నాయా? ఉంటే లక్ష్యాన్ని రూపాయల్లో కాక వారానికి ఎన్ని కొట్లు ఎక్కాలో రాసుకోండి, అది మీ చేతిలోని పని. లేకపోతే లక్ష్యం తగ్గించండి, అందులో చిన్నతనం లేదు. కానీ పాత 12 లక్షల అంకెను చెరపకుండా పక్క గడిలో ఉంచండి. వచ్చే ఏప్రిల్లో అంచనా వేసుకోవడానికి అదే పనికొస్తుంది.

ప్రశ్న (గడ్చిరోలి జిల్లా సిరొంచ నుంచి ఒక కార్యాలయ ఉద్యోగి): తెలుగు, మరాఠీ రెండు భాషల్లో ఫైళ్లున్నాయి. వెతికితే ఒక్కటీ దొరకదు.

పాత అను లాంటి ఫాంట్లలో కొట్టినవి లోపల ఇంగ్లీషు గుర్తులే, పైకి మాత్రం తెలుగులా కనిపిస్తాయి. అందుకే వెతుకులాటకు అందవు. ఇక నుంచి యూనికోడ్‌లో, అంటే లోపల కూడా తెలుగు అక్షరాలుగానే ఉండే పద్ధతిలో, కొట్టండి. విండోస్‌లో సెట్టింగ్స్, టైమ్ అండ్ లాంగ్వేజ్‌లోకి వెళ్లి తెలుగు, మరాఠీ చేర్చి, రెండింటికీ ‘ఫొనెటిక్’ కీబోర్డు ఎంచుకోండి. విండోస్ మీట, స్పేస్ కలిపి నొక్కితే భాష మారుతుంది.

ఫైలు పేరు ముందు తేదీ పెట్టండి, ఏడాది, నెల, రోజు వరసలో: 2025-10-07. అప్పుడు వాటంతట అవే క్రమంలో కూర్చుంటాయి. ఈ అంకెల్ని మరాఠీ అంకెల్లో కొట్టకండి. కంప్యూటర్ లెక్కలో అవి వేరే అక్షరాలు, క్రమం చెదిరిపోవచ్చు. పాత ఫాంట్ల ఫైళ్లన్నీ యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్‌లో వేసే పని పెట్టుకోవద్దు, ఈ ఏడాది అవసరమైనవి చాలు. మార్చాక ఒత్తులు ఒకసారి చదివి చూసుకోండి, అసలు ఫైలు కూడా ఉంచుకోండి.

ప్రశ్న (ధర్మాబాద్ నుంచి ఒక మిర్చి వ్యాపారి): ఆర్డర్లన్నీ వాట్సాప్‌లోనే. స్టార్ పెట్టుకున్నా మర్చిపోతున్నాను.

స్టార్ గుర్తు చేయదు, దాచిపెడుతుంది అంతే. వ్యాపారుల కోసం ఉన్న ‘వాట్సాప్ బిజినెస్’ యాప్‌లో లేబుళ్లు వాడండి. ‘న్యూ ఆర్డర్’, ‘పెండింగ్ పేమెంట్’, ‘పెయిడ్’ ముందే ఉంటాయి. మొత్తం 20 దాకా పెట్టుకోవచ్చు కానీ ఈ మూడింటికి ‘బస్తాలు పంపాలి’ అని ఒకటి కలపండి, చాలు. చాట్‌ను నొక్కి పట్టుకుంటే లేబుల్ గుర్తు పైన కనిపిస్తుంది. డబ్బు రాగానే ‘పెండింగ్ పేమెంట్’ తీసేయాలి, ‘పెయిడ్’ తగిలిస్తే అది దానంతటది పోదు. రోజూ కొట్టు మూసేముందు ‘పెండింగ్ పేమెంట్’ ఒక్కటీ తెరిచి, పై నుంచి కిందిదాకా చూడండి.