నెలకో జానపద రాత్రి: ముందు స్పీకర్ల సంగతి పక్కన పెట్టండి

"మా చర్చి హాల్లో నెలకోసారి జానపద పాటల కార్యక్రమం పెట్టాలనుకుంటున్నాం. ఏ సౌండ్ సిస్టం తీసుకోవాలి, కళాకారులను ఎక్కడి నుంచి పిలవాలి, ఖర్చెంత?" అని అడిగారు. బెంగళూరులో కె.ఆర్. పురం వైపు ఒక తెలుగు క్రైస్తవ సంఘంలో మూడేళ్లుగా ఈ పని చూస్తున్నాను కాబట్టి చెబుతున్నాను. మీరు అడిగిన మూడింటిలో మొదటిది అక్కర్లేదు, రెండోదానికి ఆర్నెల్లు ఆగొచ్చు.

మొదటి నెల మేం చేసిన పొరపాటు అదే. రెండు పెద్ద స్పీకర్లు అద్దెకు తెచ్చి, స్టేజీ కట్టి, ట్రాక్ పెట్టుకుని పాడే ఇద్దరిని పిలిచాం. జనం పెళ్లి రిసెప్షన్‌కు వచ్చినట్టు వచ్చి, కాసేపు ఫోన్లు చూసుకుని వెళ్లిపోయారు. మాది రేకుల పైకప్పు హాలు. ఆ మోతలో ఒక్క మాటా అర్థం కాలేదు. రెండో నెల అద్దెకు డబ్బుల్లేక కుర్చీలు గుండ్రంగా వేశాం, అంతే. అప్పటి నుంచీ మైకు ముట్టలేదు. ఈ గట్టు మీద పాడితే ఆ గట్టుకు వినబడాలని పుట్టిన పాటలు, నలభై మంది కూర్చున్న గదిలో వినబడవా?

అసలు పని పాటలు ఎంచుకోవడంలో ఉంది. ఒకరు అందిస్తే మిగతావాళ్లు అందుకునే పాట కావాలి. నాట్ల పాటలు, కలుపు పాటలు, దంపుళ్ల పాటలు అలాంటివే. రెండో చరణానికల్లా కొత్తవాళ్లకూ వంత దొరుకుతుంది. మంచి గొంతున్నవాళ్లు ఒంటరిగా పాడే పాటలు వరసగా మూడు పడ్డాయంటే హాలు చల్లారిపోతుంది. ఇంకోటి, మావాళ్లలో అనంతపురం, గుంటూరు, మహబూబ్‌నగర్ అందరూ ఉన్నారు. ఒకే పాటకు మూడు రకాల మాటలు. "అలా కాదమ్మా, అసలు పాట ఇదీ" అని సరిదిద్దే పెద్దమనిషి మీకూ ఉంటాడు. ఆయనకు టీ పంచే పని అప్పజెప్పండి.

డప్పు గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. తోలు డప్పును మంట దగ్గర కాచాలి, లేకపోతే తోలు వదులై శబ్దం పలకదు. బెంగళూరు వానల్లో అయితే మరీను, అరగంటకే మళ్లీ మెత్తబడుతుంది. హాలు వెనక ఓ మూల గడ్డి మంట వేసుకుంటామని కమిటీకి ముందే చెప్పండి. మేం చెప్పలేదు, వాచ్‌మన్ నీళ్ల బకెట్‌తో పరిగెత్తుకొచ్చాడు. ప్లాస్టిక్ తొడుగువాటికి ఈ బాధ లేదు గానీ, నా చెవికి అవి డబ్బా మోతే. ఎలాంటి డప్పయినా హాల్లో రెండు చాలు.

అంతకన్నా పెద్ద సంగతి, డప్పు ఎవరు కొడతారన్నది. మా సంఘంలో కొన్ని కుటుంబాలకు ఊళ్లో అది కులం పేరుతో నెత్తిన పడ్డ పని. చావుకైనా జాతరకైనా కబురొస్తే వెళ్లి కొట్టాల్సిందే. నేను వేరే కులంలో పుట్టినవాణ్ని, ఈ మాట నాకు తట్టనే లేదు. "మీ నాన్నగారు కొట్టేవారటగా, రండన్నా" అని ఒకాయన్ని నలుగురిలో పిలిచాను. నవ్వి ఊరుకున్నారు. తర్వాత నాలుగు నెలలు రాలేదు. దళిత ఉద్యమాల్లో డప్పు ఆత్మగౌరవానికి గుర్తుగా నిలిచింది, మా కుర్రాళ్లు గర్వంగానే పట్టుకుంటారు. కానీ ఆయన తరఫున ఆ గర్వం నేను పడకూడదు కదా. ఇప్పుడు డప్పులు గోడకు ఆనించి పెడతాం, కావలసినవాళ్లు తీసుకుంటారు. ఎవరినీ పేరు పెట్టి పిలవం. ఆయన మళ్లీ వస్తున్నారు. వంత పాడతారు, డప్పు మాత్రం ముట్టరు.

ఏ పాటలు పాడొచ్చు అన్న గొడవ మీకూ వస్తుంది. ఆరాధన జరిగే చోట కాకుండా హాల్లో పెట్టుకుంటే సగం తీరిపోతుంది. దేవతల కొలుపు పాటలు వద్దన్నారు సంఘ పెద్దలు, ఒప్పుకున్నాం. బ్రహ్మంగారి తత్వాల మీద రెండు వారాలు వాదించి సాధించాం. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో పాట నెత్తిన రాగం, తాళం రాసి ఉంటాయి. తెలుగు క్రైస్తవ కవి పురుషోత్తమ చౌదరి (1803–1890) కీర్తనలు అందులోవే. అవి జానపదాలు కావు గానీ, మన వరసలు చర్చికి కొత్త కాదని పెద్దలకు చెప్పడానికి పనికొచ్చాయి. పెళ్లిళ్లలో పాడే సరసపు పాటలంటారా, పాస్టరుగారు టీకి బయటికెళ్లాక మా అత్తయ్యలు మొదలుపెడతారు. ఆయనకూ తెలుసు, టీ నెమ్మదిగా తాగుతారు.

2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం లౌడ్‌స్పీకరుకు రాతపూర్వక అనుమతి కావాలి. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా డప్పులాంటి వాయిద్యాలకూ నిషేధం ఉంది. మూసి ఉన్న హాళ్లకు మినహాయింపు ఉంది గానీ పక్కింటివాళ్ల చెవులకు లేదు, 9 కల్లా ముగించండి. సినిమా పాట ఎవరైనా అందుకుంటే టెన్షన్ పడకండి. టికెట్ లేకుండా ఔత్సాహికులు పాడుకుంటే 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్‌లో వెసులుబాటు ఉంది. యూట్యూబ్‌లో పెట్టడం మాత్రం వేరే సంగతి.

టీ, బిస్కెట్లు, కరెంటు కలిపి మాకు నెలకు రెండున్నర వేల దాకా అవుతుంది. తలుపు దగ్గర డబ్బా పెడితే దాదాపు వచ్చేస్తుంది. ఏడాదికి రెండుసార్లు ఊళ్ల నుంచి బుర్రకథ దళాన్ని పిలుస్తాం. వాళ్లకు రానుపోను చార్జీలు, బస, ఇంత ఇస్తామన్న లెక్క ఫోన్లోనే చెప్పేయండి. ప్రేమ కానుక పేరుతో చివర్లో కవరు చేతిలో పెట్టడం నాకు నచ్చదు, అందులో ఎంతుందో తెలియక పాపం వాళ్లు ఊరెళ్లేదాకా కూడికలే.

మాది రెండో శనివారం. సాయంత్రం 6:30 అని చెప్పి, రింగు రోడ్డు ట్రాఫిక్ పుణ్యమా అని 7:10కి మొదలుపెడతాం. డిసెంబరులో హాలు క్రిస్మస్‌కు ముందు జరిగే సెమీ క్రిస్మస్ వేడుకలకే సరిపోదు, ఈస్టర్‌కు ముందు నలభై రోజుల శ్రమల కాలంలో పెద్దలు వద్దంటారు. కాబట్టి ఫిబ్రవరిలో మాత్రం మొదలెట్టకండి, రెండో నెలకే ఆగిపోతుంది. ఈస్టర్ అయ్యాక వచ్చే శనివారం చూసుకోండి.