అడగండి చెప్తా: అండర్‌బ్రిడ్జి కింద నీళ్ళు, జపాన్ అమ్మాయి అడిగిన ప్రశ్న

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగం ఒకే సంగతి మీదున్నాయి. వేరే దేశం యూనివర్సిటీ పిల్లలతో కలిసి ఆన్‌లైన్‌లో చేసే స్మార్ట్ సిటీ ప్రాజెక్టులు. నేను ఇంజనీరింగ్ పిల్లలకి చెప్పేదాన్ని, ఇట్టాంటి టీముల్ని దగ్గరుండి నడిపించాను కూడా, అందుకని ఈ నెల పేజీ మొత్తం దీనికే ఇచ్చేస్తున్నా.

ప్రశ్న: మేడమ్, నేను కావలిలో ఈసీఈ మూడో సంవత్సరం. జపాన్‌లో ఒక యూనివర్సిటీతో కలిపి మాకు ఎనిమిది వారాల ప్రాజెక్టు ఇచ్చారు, మేం ముగ్గురం, వాళ్ళు ఇద్దరు. టాపిక్ స్మార్ట్ సిటీ. అసలు మన ఊళ్ళు స్మార్ట్ సిటీలే కాదు కదా, వాళ్ళకి ఏం చూపించాలి? మా ఫ్రెండ్స్ స్మార్ట్ డస్ట్‌బిన్ చేద్దామంటున్నారు. నాకైతే వాళ్ళ ఊళ్ళ ఫొటోలు చూస్తేనే సిగ్గుగా ఉంది.

జవాబు: సిగ్గెందుకు తల్లీ. 2015 జూన్ 25న కేంద్రం మొదలుపెట్టిన స్మార్ట్ సిటీస్ మిషన్‌లో 100 ఊళ్ళున్నాయి, మన రాష్ట్రం నుంచి విశాఖ, కాకినాడ, తిరుపతి, అమరావతి. నెల్లూరు లేదు, ఒంగోలు లేదు. ఆ మిషన్ కూడా 2025 మార్చి 31తో అయిపోయింది. లిస్టులో లేమని వానొస్తే మన రోడ్డు మీద నీళ్ళు నిలబడకుండా ఉంటాయా? పని అక్కడుంది.

డస్ట్‌బిన్ మాత్రం వద్దు. మూతకి సెన్సార్ పెట్టి నిండిందని మెసేజ్ పంపిస్తారు సరే, ఆ మెసేజ్ ఎవరి ఫోన్‌కి పోవాలి, ఆయన తోపుడుబండి అప్పటికి ఏ వీధిలో ఉంటది, ఇవి తెలీకుండా చేస్తే అది ఎగ్జిబిషన్ రోజు టేబుల్ మీద పనిచేసి అక్కడే ఆగిపోద్ది.

నా టీము ఒకదాని సంగతి చెప్తా. నెల్లూరు పిల్లలు ముగ్గురు, జపాన్ నుంచి ఒకమ్మాయి, జర్మనీ నుంచి ఒకబ్బాయి. మనవాళ్ళు రైల్వే అండర్‌బ్రిడ్జి కింద వాననీళ్ళ సమస్య తీసుకున్నారు, మొదటి మీటింగ్‌లోనే సెన్సార్, యాప్, సైరన్ అని పద్నాలుగు స్లైడ్లు చూపించారు. ఆ జపాన్ అమ్మాయి అంతా విని ఒకే ఒక మాట అడిగింది, ఇప్పుడు నీళ్ళు ఎక్కితే జనానికి ఎట్టా తెలుస్తోంది అని. మన ముగ్గురూ పుట్టి పెరిగింది నెల్లూరే, రోజూ ఆ దారినే కాలేజీకి పోతారు, ఒక్కరి దగ్గరా జవాబు లేదు.

శనివారం పొయ్యి చూస్తే బ్రిడ్జికి ఇవతల టీకొట్టు ఉంది. కొట్టు నడిపే ఆమె చెప్పింది, మా కొట్టు రెండో మెట్టు తడిసిందంటే ఇంక లోపలికి బండి పోకూడదు, అప్పుడు నేనే బెంచీ తీసి రోడ్డుకి అడ్డం పెడతా, ఆటో స్టాండ్ వాట్సాప్ గ్రూపులో ఫొటో ఏస్తా అని. అంటే వార్నింగ్ సిస్టం ఎప్పట్నించో నడుస్తా ఉంది, నడిపేది ఆమె. పిల్లలు ఒక మేస్త్రీ దగ్గర నీళ్ళ లెవెల్ ట్యూబు అడుక్కొచ్చి, ఆ రెండో మెట్టు ఎత్తుకి బ్రిడ్జి మధ్యలో నీళ్ళు ఎంత లోతుంటాయో కొలిచారు, మోకాలి దాకా వచ్చింది. ఆమె లెక్క కరెక్టే. ఆ రోజుతో ప్రాజెక్టు మొత్తం మారిపోయింది. యాప్ పక్కనపెట్టేశారు, ఆమె కొట్టు మూసుకుని ఇంటికెళ్ళాక రాత్రిపూట ఆ బెంచీ పని ఎవరు చేస్తారు అన్నదే ప్రశ్న అయింది. సెన్సార్ దానికోసం పెట్టారు, మెసేజ్ అదే ఆటో గ్రూపుకి పోయేట్టు చేశారు. నాకు ఇంతకంటే మంచి ప్రాజెక్టు ఇంకోటి గుర్తులేదు.

ఇంకో మాట. టోక్యో పక్కన కసుకాబెలో భూమి కింద సుమారు 50 మీటర్ల లోతున 6.3 కిలోమీటర్ల సొరంగం ఉంది, 2006లో పూర్తయింది, చిన్న నదుల వరదనీటిని పట్టి ఎడో నదిలోకి తోడేస్తది. మనవాళ్ళు దాని ఫొటో చూసి మనకీ ఇట్టాంటిది కావాలని రాయబోయారు, ఆ జపాన్ అమ్మాయే వద్దంది, అది నదుల వరదకి కట్టింది, మీది వీధి నీళ్ళు కదా అంది. నిజమే. 2021 నవంబర్‌లో పెన్న పొంగి పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోవడం వేరే కత, గంట వానకి బ్రిడ్జి కింద నీళ్ళు నిలబడటం వేరే కత. రెంటికీ ఒకే మందు పుయ్యకూడదు.

వీలైతే ప్రాజెక్టు అక్టోబర్‌లో పెట్టమని మీ సార్‌ని అడుగు. జపాన్‌లో రెండో సెమిస్టర్ దాదాపు అప్పుడే మొదలవుతది, మన జిల్లాకి ఎక్కువ వాన పడేదీ అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకానే. ఫిబ్రవరిలో పెడితే నీళ్ళ ప్రాజెక్టుకి చూడ్డానికి నీళ్ళుండవు.

ప్రశ్న: మేడమ్, మాది ఒంగోలు, సివిల్. జర్మనీ వాళ్ళతో టీము, తాగునీటి సరఫరా టాపిక్. వాళ్ళు స్మార్ట్ మీటర్ అంటారు, మేం ఓకే ఓకే అంటాం, తర్వాత చూస్తే మేం అనుకున్నదీ వాళ్ళనుకున్నదీ వేరు. ఇంగ్లీషు రాకే ఇదంతా అంటావున్నారు మా వాళ్ళు.

జవాబు: ఇంగ్లీషు కాదు నాయనా, కుళాయి తేడా. వాళ్ళింట్లో కుళాయి తిప్పితే ఎప్పుడైనా నీళ్ళొస్తాయి, కాబట్టి వాళ్ళకి ప్రశ్న ఎన్ని లీటర్లు వాడారు అని. మనకి నీళ్ళు ఎప్పుడు వదుల్తారు, ఎంతసేపు వదుల్తారు, ఎన్ని బిందెలు పట్టుకున్నాం. నీళ్ళు వదలడం అనే మాటే వాళ్ళకి అర్థంకాదు, అది చెప్పకుండా మీరు ఓకే అన్నారు. మీ అమ్మ పట్టే బిందె కొలవండి, ఎన్ని లీటర్లో రాయండి, నీళ్ళొచ్చిన రోజు, టైమ్, ఆగిన టైమ్ ఒక నెల రాయండి, పదిళ్ళల్లో. తర్వాత ఆ బిందెల లెక్కని మనిషికి రోజుకి లీటర్లలోకి మార్చి, మన దేశంలో పట్టణాలకి పెట్టుకున్న 135 లీటర్ల కొలత పక్కన పెట్టి చూపించండి. అప్పుడు మాట్లాడేది వాళ్ళు కాదు, మీరు.

మనం ఆఁ ఆఁ అంటే మనకి వింటున్నా అని, వాళ్ళకి ఒప్పుకున్నా అని. చూద్దాంలే అన్నా అంతే, మనకది సగం కాదనడం, వాళ్ళు నిజంగా చూస్తారేమో అని కాచుకుని కూర్చుంటారు. మీటింగ్ అయిపోయిన వెంటనే ఎవరు ఏం చెయ్యాలో ఏ రోజుకో నాలుగు లైన్లు రాసి గ్రూపులో పెట్టండి, తారీకులో నెల పేరు అక్షరాల్లో రాయండి. మార్చి చివరి ఆదివారం వాళ్ళు గడియారం గంట ముందుకు తిప్పుకుంటారు, రాత్రి ఏడున్నరకుండే మీటింగ్ మనకి ఆరున్నరకొస్తది, మా పిల్లలు ఒకసారి అట్నే మిస్సయ్యారు.

ప్రశ్న: కందుకూరు నుంచి. రోడ్డు మీద నీళ్ళ ఎత్తు కొలవడానికి జపాన్ ఫ్రెండ్ పంపిన కోడ్‌తో అల్ట్రాసోనిక్ సెన్సార్ పెట్టాం, రెండు మీటర్ల ఎత్తులో. రోడ్డు ఎండిపోయి ఉంది, మధ్యాహ్నం మాత్రం ఎనిమిది సెంటీమీటర్ల నీళ్ళున్నట్టు చూపిస్తా ఉంది. సెన్సార్ పోయిందా?

జవాబు: పోలేదు. ఆ సెన్సార్ కిందికి శబ్దం పంపి, అది తిరిగొచ్చే టైమ్‌ని బట్టి దూరం లెక్కగడతది. కోడ్‌లో ధ్వని వేగం సెకనుకి 343 మీటర్లు అని రాసుంటది చూడు, అది 20 డిగ్రీల దగ్గర లెక్క. డిగ్రీకి 0.6 మీటర్లు చొప్పున పెరుగుతది, మన 42 డిగ్రీల ఎండలో 356 దాటుద్ది. శబ్దం త్వరగా తిరిగొచ్చేసరికి రోడ్డు దగ్గరగా ఉన్నట్టు, అంటే నీళ్ళు లేచినట్టు అనుకుంటది. రెండు మీటర్లకి దాదాపు నాలుగు శాతం తేడా అంటే ఇంచుమించు నీ ఎనిమిది సెంటీమీటర్లే. పక్కన చిన్న టెంపరేచర్ సెన్సార్ పెట్టి వేగాన్ని దాన్నిబట్టి లెక్కగట్టమను. ఆ అబ్బాయి తప్పేం లేదు, వాళ్ళ ల్యాబ్‌లో కరెక్టుగానే పనిచేసుంటది. సెన్సార్ లెక్కల్ని దూరానికి పంపే వాళ్ళ లోరా రేడియో మాడ్యూల్ కూడా యథాతథంగా తెప్పించుకోకు, లైసెన్స్ లేకుండా వాడుకోడానికి మనకిచ్చింది 865 నుంచి 868 మెగాహెర్ట్జ్, జపాన్‌ది 920 దగ్గర.

ప్రశ్న: అమ్మా, మాది దర్శి పక్కన పల్లె, వ్యవసాయం. మా అమ్మాయి భూగర్భ జలాల ప్రాజెక్టు అని రాత్రి పది దాకా విదేశీ పిల్లలతో మాట్లాడతా ఉంటది. ఇందులో మోసం ఏమైనా ఉందా? ఉద్యోగం వస్తదా?

జవాబు: అన్నా, కాలేజీ ద్వారా జరిగేదైతే భయం లేదు. సర్టిఫికెట్‌కి డబ్బు కట్టమని బయటోళ్ళు ఎవరైనా అడిగితే కట్టొద్దు. ఉద్యోగం ఒక్క ప్రాజెక్టుతో రాదు, తెలీనోళ్ళతో కూర్చుని పని తెముల్చుకురావడం మాత్రం వస్తది, ఇంటర్వ్యూలో చెప్పుకోను నిజంగా చేసిన పని ఒకటి ఉంటది. రాత్రి పది అయితే టైమ్ మార్చమని అడగమనండి, ప్రతిసారీ మనమే మేలుకోవాలని లేదు, ఒక వారం వాళ్ళు పొద్దున్నే లేస్తారు. ఇంకోటి, మీ బోరు ఏ సంవత్సరం వేశారు, అప్పుడు ఎన్ని అడుగులకి నీళ్ళు పడ్డాయి, మళ్ళీ ఎప్పుడు లోతు చేయించారు, పక్క చేల బోర్లు ఏవి ఎండిపోయినాయి, ఇదంతా మీ నోట్లోనే ఉంది కదా. రేపు రాత్రి మీటింగ్‌కి ఆ అమ్మాయి పక్కన కూర్చుని చెప్పండి, ఆమె వాళ్ళకి చెప్తది.