సొంత కమాండ్‌లైన్ స్క్రిప్టులు పెరిగిపోతే ఎలా చూసుకోవాలి?

లినక్స్‌లో మీరు రాసుకున్న స్క్రిప్టులన్నిటినీ హోమ్ డైరెక్టరీలో బిన్ అనే ఒకే ఫోల్డర్‌లోకి చేర్చి, దాన్ని గిట్ (ఫైళ్లలో మార్పుల చరిత్రను దాచే సాధనం) రిపాజిటరీ చేసేయండి. మార్చిన ప్రతిసారీ కమిట్ చేస్తే, అంటే ఆ రూపాన్ని గిట్‌లో భద్రపరిస్తే, ఏదైనా చెడినా పాత రూపం ఎక్కడికీ పోదు.

అసలు జాగ్రత్తంతా పాత్ వేరియబుల్ దగ్గరే, అంటే కమాండ్లను ఏయే ఫోల్డర్లలో వెతకాలో చెప్పే జాబితా దగ్గరే. మీరు కొట్టిన కమాండ్లను నడిపే ప్రోగ్రామైన షెల్ అందులోని ఫోల్డర్లను ఎడమ నుంచి కుడికి వెతికి, మొదట దొరికినదాన్నే నడుపుతుంది. అందుకే నేను నా ఫోల్డర్‌ను చివర పెడతాను. పొరపాటున నా స్క్రిప్టుకు సార్ట్ అని పేరు పెట్టినా, లైన్లను వరుసలో పెట్టే సిస్టమ్ సార్ట్‌ను నమ్ముకున్న ప్రోగ్రాములు దెబ్బతినవు.

ఇప్పుడే వాడిన స్క్రిప్టును వేరే ఫోల్డర్‌లోకి మార్చగానే బాష్ అనే షెల్ ‘అలాంటి ఫైల్ లేదు’ అంటే కంగారుపడకండి. అది పాత చోటునే గుర్తుపెట్టుకుని ఉంటుంది. ‘హ్యాష్ మైనస్ ఆర్’ కొట్టండి, మళ్లీ కొత్తగా వెతుకుతుంది.

వాడనివి మొహమాటం లేకుండా తీసేయండి, గిట్‌లో ఎలాగూ ఉంటాయి.