సిమ్యులేషన్ ఎప్పుడు తెరవాలి: కొత్త సైన్సు టీచరుకు ఒక లేఖ

అనంతపురం

చిరంజీవి సౌభాగ్యవతియైన అమ్మాయికి ఆశీస్సులు.

కళ్యాణదుర్గం దగ్గరి పాఠశాలలో ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల సైన్సు నీకు అప్పగించారనీ, గదిలో పెద్ద తెర ఉంది కాబట్టి ఈ ఏడాది పాఠాలన్నీ ఫెట్ సిమ్యులేషన్లతోనే, అంటే కంప్యూటరు తెర మీద చేసి చూసే నమూనా ప్రయోగాలతోనే, చెప్పాలనుకుంటున్నావనీ రాశావు. చాలా సంతోషం. భౌతికశాస్త్రంలో 2001లో నోబెల్ బహుమతి పంచుకున్న కార్ల్ వీమన్ ఆ మరుసటి ఏడాదే కొలరాడో విశ్వవిద్యాలయంలో మొదలుపెట్టిన పని అది. ఉచితంగా దొరుకుతుంది, కొన్నిటికి తెలుగు అనువాదాలు కూడా ఉన్నాయి. అయితే ఏ సిమ్యులేషన్ చూపించాలన్న దానికంటే, పాఠంలో దాన్ని ఎప్పుడు తెరవాలన్నదే ఎక్కువ ఆలోచించవలసిన విషయం. పిల్లలు ముందుగా తమ ఊహను కాగితం మీద పెట్టాలి, తరువాత చేతులతో చేసి చూడాలి, ఆ పైన మాత్రమే తెర వెలగాలి. తెర ముందుగా వెలిగితే జవాబు ముందే తెలిసిపోతుంది, ఇక చేతులతో చేసేది మొక్కుబడిగా మిగులుతుంది.

ఏడో తరగతి విద్యుత్తు పాఠాన్నే తీసుకో. ప్రతి జట్టుకూ ఒక టార్చి సెల్లు, ఒక టార్చి బల్బు, జానెడు వైరు ముక్క ఒక్కటి మాత్రమే ఇచ్చి, బల్బు వెలిగించమను. వైరును ఎక్కడ తాకించబోతున్నారో ముందుగా నోటు పుస్తకంలో బొమ్మ గీయమను. చాలామంది బల్బు అడుగును సెల్లు మీద ఆనించి అంతటితో సరిపోతుందనుకుంటారు. బల్బుకు అడుగున ఒకటి, పక్కనున్న లోహపు తొడుగు మీద ఒకటి, ఇలా రెండు చోట్ల సంబంధం కలవాలన్న సంగతి వాళ్ళ వేళ్ళకు తెలియడానికి సమయం పడుతుంది. ఆ సమయం వాళ్ళకు ఇవ్వు, చెయ్యి చాచి సరిచేయవద్దు.

బల్బులు వెలిగిన తరువాత బోర్డు మీద ఒక ప్రశ్న రాయి: బల్బు దాటిన తరువాత కరెంటు తగ్గుతుందా, పెరుగుతుందా, అంతే ఉంటుందా? చేతులెత్తించి, దేనికి ఎంతమందో అంకెలు వేయి. బల్బు కరెంటును కొంత వాడేసుకుంటుందని నమ్మేవాళ్ళే సాధారణంగా ఎక్కువగా ఉంటారు. సిమ్యులేషన్ తెరవవలసిన సమయం అదే. అందులో వలయం కట్టించి, బల్బుకు అటూ ఇటూ కరెంటును కొలిచే అమ్మీటరు పెట్టించు. రెండు చోట్లా ఒకే అంకె కనిపించినప్పుడు వెంటనే వివరణలోకి దిగకుండా, మరి వెలుగు ఎక్కడినుంచి వచ్చిందని వాళ్ళనే అడుగు. తీగలోని ఎలక్ట్రాన్లు నీలి చుక్కలై ఒకే వేగంతో సాగిపోవడాన్ని అక్కడ చూడవచ్చు. మన సెల్లూ వైరూ ఎంత ప్రయత్నించినా చూపలేనిది అదొక్కటే. నిజమైన తీగలో అవి అంత వేగంగా పోవనీ, టార్చి తీగలో సెకనుకు ఒక మిల్లీమీటరు దూరం కూడా జరగవనీ ఆ పూటే చెప్పెయ్యి, లేకపోతే తెర మీది చుక్కలనే నిజమనుకుంటారు.

ఇక్కడే ఇంకొక మేలు ఉంది. రెండు బల్బులను సమాంతరంగా, అంటే ఒక్కొక్కటీ విడిగా సెల్లుకు తగిలేలా, కలిపితే సిమ్యులేషన్‌లో రెండూ ఒక్క బల్బు ఉన్నప్పటి వెలుగుతోనే వెలుగుతాయి. మీ గదిలోని పాత సెల్లుతో చేస్తే రెండూ కాస్త మసకబారతాయి. తెరకూ బల్లకూ కుదరని ఇలాంటి చోటు దొరికితే దాటవేయవద్దు, పాఠమంతటిలో విలువైన సందర్భం అదే. నిజమైన సెల్లు లోపల కూడా కరెంటుకు కొంత అడ్డు, అంటే నిరోధం, ఉంటుంది, సిమ్యులేషన్ దాన్ని మొదట లెక్కలోకి తీసుకోదు. అందులోనే బ్యాటరీ నిరోధాన్ని పెంచే మీట ఉంటుంది. దాన్ని ఒక పిల్లవాడి చేత జరిపించి, తెర మీది బల్బులు కూడా మసకబారడం చూపించు. సిమ్యులేషన్ అంటే మనిషి కొన్నిటిని ఉంచి కొన్నిటిని వదిలి కట్టిన నమూనా అని ఏడో తరగతి పిల్లలు అంత చక్కగా గ్రహించే అవకాశం మరొకటి రాదు.

ఒక్క జాగ్రత్త గట్టిగా చెబుతున్నాను. తెర మీద షార్టు సర్క్యూట్ చేస్తే బ్యాటరీకి మంటలంటుకుంటాయి, ఒక్క నొక్కుతో అన్నీ మళ్ళీ మామూలవుతాయి. మన పిల్లలు బోరు మోటార్ల దగ్గర, స్టార్టరు పెట్టెల దగ్గర తిరిగేవాళ్ళు. టార్చి సెల్లుతో తప్ప ఇంటి కరెంటుతో, పొలం కరెంటుతో ఏ ప్రయోగమూ చేయరాదని ప్రతి పాఠంలోనూ చెప్పు. లో వోల్టేజీ వస్తే మోటారు ఎందుకు కాలిపోతుందని ఎవరో ఒకరు అడుగుతారు. అదే బరువు లాగడానికి మోటారు ఎక్కువ కరెంటు తీసుకుంటుంది, దానితో లోపలి చుట్లు వేడెక్కుతాయి అని సూటిగా చెప్పు.

లోలకం పాఠానికి పురికొస, ఒక రాయి, ఒక ఇనుప నట్టు చాలు. రాయి బరువైతే త్వరగా ఊగుతుందని పిల్లలు పందెం కాస్తారు, కాయనివ్వు. పొడవును పైన కట్టిన చోటు నుంచి రాయి నడిమి వరకు కొలవమను, లేకపోతే రాయి మార్చినప్పుడల్లా పొడవు మారి లెక్క తేడా వస్తుంది. అటు వెళ్ళి మళ్ళీ ఇటు వస్తే ఒక డోలనం. మీటరు పొడవుంటే 10 డోలనాలకు సుమారు 20 సెకన్లు, పావు మీటరుంటే సుమారు 10 సెకన్లు పడుతుంది. రాయి మార్చినా ఈ అంకెలు మారకపోవడం చూసిన తరువాత, సిమ్యులేషన్‌లో అదే లోలకాన్ని చంద్రుడి మీదికి తీసుకుపోయి, 10 డోలనాలకు దాదాపు 49 సెకన్లు పట్టడం చూపించు. ఘర్షణ లేకుండా పెడితే అక్కడ లోలకం ఎప్పటికీ ఆగదు. మనది ఎందుకు ఆగిందో వాళ్ళనే చెప్పమను.

పదార్థం స్థితుల పాఠంలో కణాలను చూపడానికి సిమ్యులేషనే దిక్కు. కణాల మధ్య ఖాళీలో ఏముందని అడిగితే గాలి ఉందంటారు, నిజానికి అక్కడ ఏమీ ఉండదు. ఆ ఒక్క ప్రశ్న మీద ఒక పూటంతా గడిపినా తప్పులేదు.

ఇంటర్నెట్‌ను నమ్ముకోకుండా కావలసిన సిమ్యులేషన్లను ముందు రోజే దించుకుని పెట్టుకో, అవి నెట్ లేకపోయినా నడుస్తాయి. కరెంటు పోతే చేతి పనితోనే పాఠం సాగేలా సిద్ధపడి వెళ్ళు. తెర దగ్గరికి పిల్లలను పంపు, నీవు వెనక వరుసలో నిలబడు. మొదటి ఐదు నిమిషాలు ఏమీ చెప్పకుండా వాళ్ళ ఇష్టానికి వదిలెయ్యి, అప్పుడు వాళ్ళు అడిగే ప్రశ్నలు నీ వర్క్‌షీటులోని ప్రశ్నలకంటే మెరుగ్గా ఉంటాయి.

తెర అసలు అక్కరలేని పాఠాలు కూడా ఉన్నాయి. మీ ఊరి మీద సూర్యుడు ఏడాదికి రెండుసార్లు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. మొదటిది ఏప్రిల్ చివర, వేసవి సెలవుల సమయంలో పోతుంది. రెండోది ఆగస్టు 13కు అటూ ఇటూగా బడి నడుస్తున్నప్పుడే వస్తుంది. ఆవరణలో చదునైన చోట ఒక గొట్టాన్ని తూకపు దారంతో (కొసన బరువు కట్టి వేలాడదీసిన దారంతో) సరిచూసి నిటారుగా నిలబెట్టించి, వారం ముందు నుంచే రోజూ 12 గంటల 10 నిమిషాల నుంచి నీడ కొనను సుద్దముక్కతో గుర్తు పెట్టించు. మీ దగ్గర నీడ అతి పొట్టిగా ఉండేది 12 గంటలకు కాదు, సుమారు 12 గంటల 26 నిమిషాలకు. మధ్యాహ్న భోజనం గంట ఆ వారం కాస్త ఆలస్యంగా కొట్టమని హెడ్‌మాస్టరు గారిని ఇప్పుడే అడిగి పెట్టుకో.

ఆశీస్సులతో,
నీ సైన్సు సారు