బొమ్మ బాగుంది, గొంతే లేదు

ప్రశ్న: మూతపడ్డ వీడియో గేమ్స్ షాపులో పాత స్ట్రీట్ ఫైటర్ 2 క్యాబినెట్ కొన్నాను. బొమ్మ చక్కగా వస్తోంది, జాయ్‌స్టిక్, బటన్లు అన్నీ ఓకే, సౌండ్ మాత్రం అస్సలు లేదు. స్పీకర్ మార్చినా అంతే. ఆటని నడిపే సర్క్యూట్ బోర్డు పోయింది, కొత్తది వేసుకోండి అంటున్నాడు మెకానిక్. నిజమేనంటారా? – ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: అప్పుడే బోర్డు కొనకండి సార్. ముందు ఒక చిన్న అనుమానం, కాయిన్ వేసి ఆడి చూశారా? ఎవరూ ఆడనప్పుడు వచ్చే డెమోకి సౌండ్ రాకుండా బోర్డు మీద చిన్న స్విచ్‌తో ఆపేసే వీలుంది, షాపులవాళ్లు గోల భరించలేక అలా ఆపేసేవాళ్లు. ఆడినప్పుడు కూడా మూగగానే ఉంటే అసలు సంగతికి వద్దాం.

ఆట నడిచేది 5 వోల్టుల మీద, సౌండ్‌ని పెంచే యాంప్లిఫయర్ నడిచేది 12 వోల్టుల మీద. ఆ 12 రాకపోయినా ఆటలోని ర్యూ, కెన్ నిక్షేపంగా కొట్టుకుంటూనే ఉంటారు, కాబట్టి గేమ్ ఆడుతోంది కదా, పవర్ బాగానే ఉంది అనుకోవడానికి లేదు. 1985 నుంచి వాడుకలో ఉన్న, బోర్డుకి క్యాబినెట్ వైర్లని కలిపే జామా కనెక్టర్‌లో 56 పిన్నులుంటాయి. బోర్డు మీద విడిభాగాలున్న వైపు 1 నుంచి 28 వరకు అంకెలు, వెనకవైపు అక్షరాలు. 12 వోల్టులు వచ్చేది 6వ పిన్నుకి, దాని వెనకున్న ఎఫ్‌కి. గేమ్ ఆన్‌లో ఉండగానే వోల్టులు కొలిచే మల్టీమీటర్ నల్ల వైరు 1వ పిన్ను మీద (అది గ్రౌండు), ఎర్ర వైరు 6 మీద పెట్టి చూడండి. పక్క పిన్నుకి తగిలించి షార్ట్ చేయకండి, పిక్చర్ ట్యూబు దరిదాపులకి చేయి పోనివ్వకండి, స్విచ్ ఆపేసినా అందులో వేల వోల్టులు నిలిచి ఉండొచ్చు. 12కి దగ్గరగా రీడింగ్ రాకపోతే తప్పు బోర్డుది కాదు, పవర్ సప్లైదో మధ్యలో ఊడిన వైరుదో.

రీడింగ్ సరిగ్గా ఉంటే స్విచ్ ఆపి, కనెక్టర్ నుంచి బోర్డు లాగేయండి. స్పీకర్ వైర్లు 10కి, దాని వెనకున్న ఎల్‌కి వస్తాయి. ఆ రెండింటికీ గోడ గడియారంలో వేసే 1.5 వోల్టుల సెల్ ఒక్క క్షణం తాకించండి. స్పీకర్ టక్‌మంటే స్పీకరూ దాని వైర్లూ బాగున్నట్టే. అనలేదా, మీరు కొత్త స్పీకర్ వేసినా పాత వైరు తెగే ఉందన్నమాట! ఎల్ వైరుని ఎవరైనా క్యాబినెట్ గ్రౌండుకి కలిపేసి ఉంటే విడదీయండి, కొన్ని బోర్డుల్లో దానివల్లే యాంప్లిఫయర్ కాలిపోతుంది.

ఇవన్నీ సరిగ్గా ఉంటేనే బోర్డు జోలికి వెళ్లాలి. అప్పుడు కూడా మొదట కనెక్టర్‌లోకి దూరే అంచుని పెన్సిల్ రబ్బరుతో రుద్ది, స్పిరిట్‌తో తుడవండి. బోర్డు మీదున్న వాల్యూమ్ నాబ్‌ని అటూ ఇటూ పదిసార్లు తిప్పండి, దుమ్ము పట్టి అదొక్కటే మొరాయించిన కేసులు చాలా ఉంటాయి.

ప్రశ్న: నాదీ అదే గేమ్. కేకలు, గుద్దుల చప్పుడు వినిపిస్తున్నాయి, మ్యూజిక్ మాత్రం లేదు. యాంప్లిఫయర్ మార్చించాలా? – మరో పాఠకుడు, హన్మకొండ

జవాబు: వద్దు, కేకలు వస్తున్నాయంటే యాంప్లిఫయర్ పనిచేస్తోంది. 1991లో క్యాప్‌కామ్ తెచ్చిన ఈ గేమ్‌లో కేకలు, దెబ్బలు ఓకీ 6295 చిప్ నుంచి, సంగీతం యమహా వైఎం2151 నుంచి వస్తాయి. ఆ యమహా చిప్ ఇచ్చేది అంకెలే, వాటిని శబ్దంగా మార్చేది పక్కనుండే 16 కాళ్ల వైఎం3012. అంటే మీ తప్పు ఈ రెండింటిలోనో వాటి చుట్టుపక్కలో ఉంది. గేమ్‌ని పరీక్షించుకునే టెస్ట్ మోడ్‌లో సౌండ్ టెస్ట్ పెట్టి ఒక్కో పాటా వేసి చూడండి, ఒక్కటి కూడా పలకకపోతే ముందు ఆ కాళ్ల సోల్డరింగ్ మళ్లీ చేయించి, తర్వాత 3012, చివరికి 2151 మార్పించండి. కొనేటప్పుడు జాగ్రత్త, పాత చిప్పుల మీద కొత్త నంబరు అచ్చేసి అమ్మేవాళ్లున్నారు, వెనక్కి తీసుకుంటానన్న దుకాణంలోనే కొనండి.